జిర్రీలు పూడ్చకముందే నెట్ పైపు వేయించండి

ప్రశ్న: ఖమ్మంలో పైన ఒక అంతస్తుతో ఇల్లు కట్టిస్తున్నాం. కరెంటు పైపులకు గోడల్లో జిర్రీలు (గాడులు) కొడుతున్నారు, వచ్చే వారం ప్లాస్టరింగ్. ఇప్పుడున్న అద్దె ఇంట్లో వైఫై లోపలి గదుల దాకా సరిగా రాదు. మా అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు, మీటింగు మధ్యలో మాట తెగిపోతుంటుంది. కొత్త ఇంట్లో ప్రతి గదికీ నెట్ వైరు ఉండాలని వాడి పట్టుదల. ఎలక్ట్రీషియనేమో ‘వేరే పైపు దండగ, కరెంటు పైపులోనే లాన్ వైరు లాగేస్తా’ అంటున్నాడు. సరేననమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒప్పుకోకండమ్మా. 230 వోల్టుల తీగల పక్కన లాన్ వైరు ఒకే పైపులో పడుకుంటే, ఎప్పుడైనా ఆ తీగల పైతొడుగు పాడయినప్పుడు కరెంటు నేరుగా కంప్యూటర్ దాకా రావచ్చు. అంతదాకా పోకపోయినా సిగ్నల్‌కు అలజడి కలగొచ్చు. విజయవాడలో ఇళ్లకు ఈ వైర్లు వేయడమే నా పని. ఖర్చు తగ్గించుకోమని ఎన్నో చోట్ల చెబుతాను గానీ పైపు దగ్గర మాత్రం చెప్పను.

నెట్‌కు విడిగా 25 ఎం.ఎం. పైపు వేయించండి. కరెంటు పైపుకు జానెడు ఎడంగా పోవాలి. రెండూ దాటాల్సిన చోట ఒకదానికొకటి అడ్డంగా, లంబకోణంలో దాటాలి, పక్కపక్కన సాగకూడదు. మూలల్లో ఎల్బోలు వద్దు, పొడుగు బెండ్‌లు పెట్టమనండి. ఎల్బో దగ్గర కేబుల్ నలుగుతుంది, రేపు మార్చాలన్నా లాగడం కుదరదు. ఇప్పుడు పైపుల్లో నైలాన్ తాడు మాత్రం వేసి ఉంచి, గోడలు ఆరాక రంగులకు ముందు కేబుల్ లాగించండి.

అన్ని గదుల పైపులూ ఒకే చోటికి రావాలి. రూటరూ, నెట్ స్విచ్ (ఒకే నెట్ లైనును అన్ని గదుల వైర్లకూ పంచే పెట్టె) ఉండేది అక్కడే. ఒక గది నుంచి ఇంకో గదికి గొలుసుగా కలిపితే మధ్యలో ఒక్కటి పోయినా తర్వాతివన్నీ ఆగిపోతాయి. ఆ చోటు గాలి ఆడేలా, చెయ్యి అందేలా ఉండాలి. అక్కడ మూడు ప్లగ్గులు, అవీ ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి. ఇంట్లో కరెంటు పోయినా మీ అబ్బాయి మీటింగు ఆగదు. బయటి గోడ నుంచి అక్కడికి ఒక ఖాళీ పైపు కూడా వదలండి. ఫైబర్ వాళ్లు వచ్చినప్పుడు కొత్త గోడకు డ్రిల్లు పెట్టనక్కర్లేదు.

పాయింట్లు: అబ్బాయి బల్ల దగ్గర రెండు, టీవీ వెనక ఒకటి, ప్రతి పడగ్గదిలో ఒకటి, గేటు కెమెరాకు ఒకటి. ఫోన్లకు ఎలాగూ వైఫై కావాలి కాబట్టి పై అంతస్తు హాలు సీలింగులో ఇంకొకటి. ఇప్పుడు వాడుతున్న పాత రూటర్‌ను అక్కడ పెట్టుకోవచ్చు. దాని ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మార్చి, డీహెచ్‌సీపీ (మిగతా పరికరాలకు అలాంటి నంబర్లు పంచే పని) ఆపి, వైరును వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే చోట) కాక లాన్ పోర్టులో (ఇంట్లో వైర్లు పెట్టే చోట) గుచ్చాలి.

కేబుల్ క్యాట్‌6 చాలు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం 100 మీటర్ల దాకా, 10 గిగాబిట్లు 55 మీటర్ల దాకా మోస్తుంది. ఇంట్లో ఏ లైనూ అంత దూరం పోదు. కొనేటప్పుడు మాత్రం గట్టిగా చూసుకోండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసి అదే క్యాట్‌6 పేరుతో అమ్ముతున్నారు. చిన్న ముక్క అడిగి, లోపలి ఒక తీగను బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. పూత అయితే లోపల తెల్లగా మెరుస్తుంది, రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. 305 మీటర్ల పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, అల్యూమినియంది తేలిగ్గా లేస్తుంది. గోడలో దాగే వస్తువు కాబట్టి ఇక్కడ బేరం కన్నా సరుకు ముఖ్యం. నెట్ స్విచ్ మీద 10/100/1000 అని, అంటే గిగాబిట్ దాకా పనిచేస్తుందని ఉందో లేదో చూడండి. దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, తొందరేమీ లేదు.

ప్రశ్న: 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. ఫోన్లో వైఫై మీద 250 దాటుతోంది. వైరు పెట్టిన కంప్యూటర్‌లో మాత్రం 95 దగ్గర ఆగిపోతోంది. వైరుకే వేగం ఎక్కువంటారు కదా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: 95 అనే అంకె చూస్తేనే చాలావరకు అర్థమైపోతుంది. మీ లైను 100 ఎంబీపీఎస్ మీద నడుస్తోంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100కు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక్క తీగ ఆనకపోయినా లైను తెగదు, చప్పుడు లేకుండా 100కు దిగిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి. 100/100 అని ఉంటే ముందు బల్ల మీది చిన్న కేబుల్ మార్చండి. అప్పటికీ 100 దాటకపోతే లాన్ టెస్టర్ (కేబుల్‌లోని ఒక్కో తీగకూ ఒక్కో లైటు వెలిగే పరికరం) పెట్టించండి. 4, 5, 7, 8 లైట్లలో ఏది వెలగకపోతే ఆ తీగే దోషి. కొన రెండు వైపులా కోసి మళ్లీ క్రింప్ చేయించండి (తీగలను ప్లగ్గులో నొక్కి బిగించడం). తీగల వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జతల మెలికలు అర అంగుళం మించి విప్పనివ్వకండి. అన్ని లైట్లూ వెలిగినా 100 దాటకపోతే రూటర్ వెనక పోర్టో, కంప్యూటర్ పోర్టో 100ది అయ్యుంటుంది. అప్పుడు ఏది 100దైతే దాన్నే మార్చాలి.