ఫ్రీ మ్యాప్ చూపించే కిలోమీటర్లతో బిల్లు వేస్తే లైసెన్స్ గొడవ వస్తుందా?

విజయవాడలో చిన్న ట్రాన్స్‌పోర్ట్ నడుపుతున్నానని, లోడు దూరాన్ని ఫ్రీ మ్యాప్ సర్వీసు నుంచి నేరుగా బిల్లులోకి ఎక్కించవచ్చా అని అడిగారు. డీసీఎం వ్యాన్లు తిప్పేవాళ్లకు ఇలాంటి బిల్లింగ్ సాఫ్ట్‌వేరే రాసి ఇచ్చాను, ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను. మ్యాప్ డేటా ఫ్రీ అయినంత మాత్రాన, దాని మీద లెక్కలు చేసిపెట్టే సర్వర్ కూడా ఫ్రీ అనుకోకండి.

జనమే కలిసి తయారుచేసే ఫ్రీ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాని డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే ఓపెన్ డేటా లైసెన్స్ కింద ఉంది. వ్యాపారానికి నిక్షేపంగా వాడుకోవచ్చు, డేటా ఎవరిదో పేరు వేయాలి. అడ్రస్ వెతికిపెట్టే వాళ్ల నామినాటిమ్ సర్వర్ మాత్రం విరాళాల మీద నడిచేది. సెకనుకు ఒక్క రిక్వెస్టుకు మించకూడదు. దారి లెక్కగట్టే ఓఎస్‌ఆర్‌ఎం డెమో సర్వర్ అయితే వ్యాపారేతర వాడకానికే. దాన్ని బిల్లింగ్‌కు తగిలిస్తే షరతు తప్పినట్టే. సరిగ్గా నెలాఖరున బిల్లులు తీసే రోజే బ్లాక్ చేస్తే అడిగే హక్కు కూడా ఉండదు.

మేం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైటు నుంచి దక్షిణాది డేటా దించుకుని, ఓఎస్‌ఆర్‌ఎంను అద్దె సర్వర్లో సొంతంగా పెట్టుకున్నాం. ఆ సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టక్కర్లేదు, ఖర్చల్లా సర్వర్ అద్దే. బిల్లు కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు ఒక లైను వేస్తాం.

గూగుల్ సంగతి వేరు. వెబ్‌పేజీ నుంచి ప్రోగ్రామ్‌తో దూరాలు లాగడానికి వాళ్ల షరతులు ఒప్పుకోవు, ప్రోగ్రామ్‌లు వాడుకోవడానికి వాళ్లిచ్చే ఏపీఐ కీ తీసుకోవాలి. నెలకు కొంత ఉచిత కోటా ఉంది, పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలో రేట్లు 70 శాతం దాకా తగ్గించారు. కాబట్టి మీ స్థాయిలో డబ్బు గురించి టెన్షన్ వద్దు. చిక్కంతా గూగుల్ ఇచ్చిన డేటాను దాచుకోవడంలోనే. అక్షాంశ రేఖాంశాలనే 30 రోజులకు మించి ఉంచుకోనివ్వరు. జీఎస్టీ చట్టమేమో రికార్డులను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు భద్రపరచమంటుంది!

అసలు గొడవ ఇంకోచోట ఉంది. కస్టమర్లు లైసెన్స్ గురించి అడగరు, "మ్యాప్‌లో ఇంతే చూపిస్తోంది కదండీ, మీరెందుకు ఎక్కువ వేశారు?" అంటారు. పగలు లారీలకు నో ఎంట్రీ ఉన్న రోడ్డు మీదుగా మ్యాప్ దగ్గరి దారి చూపిస్తుంది, డ్రైవరేమో చుట్టూ తిరిగి వెళ్లాలి. అందుకే మా బిల్లు ట్రిప్ షీట్‌లోని మీటర్ రీడింగ్ మీదే పడుతుంది. మ్యాప్ దూరం సరిచూసుకోవడానికే. రెండింటికీ తేడా మరీ ఎక్కువుంటే డ్రైవర్‌ను కారణం అడిగి షీట్ మీద రాయిస్తాం. రోజూ తిరిగే రూట్లకు ముందే కిలోమీటర్లు ఒప్పుకుని రేటు కాగితం మీద కస్టమర్ సంతకం తీసుకోండి. ఆ రూట్లకు అసలు మ్యాపే అక్కర్లేదు.

రోజుకు ఎన్ని లోడులు, ఎంత దూరం వరకు వెళ్తాయో చెబితే ఎలాంటి సర్వర్ సరిపోతుందో చెబుతాను.