తినని రోజుల బిల్లు

పాపకు,

మేనత్త దీవించి రాసేది. అనంతపురం జేఎన్‌టీయూలో సీటొచ్చిందని మీ నాయన ఫోన్ చేసినప్పుడు వెనకాల మీ అవ్వ ఏడుపు వినపడింది. సంతోషమో, నువ్వు తాడిపత్రి వదిలి పోతావన్న దిగులో అడగలేదు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ నీ చదువు వదిలేసి నీ తిండి గురించే మాట్లాడుతున్నారని వదిన చెప్పింది. మెస్సు అన్నంలో సోడా కలుపుతారని ఎవరో భయపెట్టారట కూడా. ఇరవై రెండేళ్లు ఒక హాస్టల్ ఆఫీసులో మెస్ లెక్కలు రాసినదాన్ని. సోడా నేనెప్పుడూ చూడలేదు. పప్పు అడుగున, నీళ్లు పైన తేలే సాంబారు మాత్రం చాలా చూశాను.

ముందు మీ నాయన అడిగినదానికి జవాబు చెప్తాను. సాయినగర్‌లో మా ఇల్లు ఉండగా హాస్టల్ ఎందుకు అంటున్నాడు. వస్తే కాదనను. కానీ మొదటి ఏడాది హాస్టల్లోనే ఉంటే మేలు. రాత్రి పదింటికి రికార్డు రాసుకోవడానికి, అర్థం కాని లెక్క అడగడానికి పక్క గదిలో మనిషి ఉండాలి. మా ఇంట్లో పక్క గదిలో మీ మామ, ఆయన టీవీ ఉంటాయి. ఆదివారం మాత్రం రా. సంగటి, నాటుకోడి పులుసు చేస్తాను.

ఇంక అసలు విషయం. అమ్మానాన్నలు హాస్టల్‌కు వస్తే మొదట అడిగేది నెలకు ఎంత అని. ఆ మాటకు జవాబు వింటే ఏమీ తెలియదు. బిల్లు ఎట్లా వేస్తారు అని అడగాలి. కాలేజీ హాస్టళ్లలో చాలాచోట్ల డివైడింగ్ సిస్టమ్ ఉంటుంది. నెలంతా బియ్యానికి, కూరగాయలకు, పాలకు, గ్యాస్‌కు ఎంతయిందో కూడతారు. ఎవరెవరు ఎన్ని రోజులు మెస్‌లో ఉన్నారో అదీ కూడతారు. ఖర్చును ఆ రోజులతో భాగిస్తే డే రేటు వస్తుంది. లెక్క కోసం అనుకో, రెండు వందల మంది పిల్లలు, ముప్పై రోజుల నెల, అంటే ఆరు వేల రోజులు. అందులో సెలవు పెట్టిన రోజులు ఎనిమిది వందలు తీసేస్తే 5,200. నెల ఖర్చు 4,68,000 అయితే రోజుకు 90 రూపాయలు. దాన్ని నీ రోజులతో గుణించి, పైన వంటవాళ్ల జీతాలు, కరెంటు కింద కొంత కలుపుతారు. అది ఎస్టాబ్లిష్‌మెంట్ ఛార్జీ. నువ్వు తిన్నా తినకపోయినా అది కట్టాల్సిందే.

ఇంతవరకు న్యాయంగానే ఉంది కదా. చిక్కు ఎక్కడుందంటే, సెలవు పెట్టిన ప్రతి రోజూ తగ్గదు. మా దగ్గర వరుసగా నాలుగు రోజులు దాటితేనే మెస్ కట్. అదీ ముందు రోజు సాయంత్రంలోపు రాసి, వార్డెన్ సంతకంతో ఆఫీసులో ఇస్తేనే. ఒక్కో హాస్టల్‌కు ఒక్కో నియమం, నీ హాస్టల్లో ఎన్ని రోజులో అడుగు. నువ్వు ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సెక్కి సోమవారం పొద్దున వస్తే నెలలో చాలా పూటలు నీ పళ్లెం ఖాళీగానే ఉంటుంది, బిల్లు మాత్రం నిండుగా వస్తుంది. నెలకొకసారి, సెలవులు కలిసొచ్చినప్పుడు ఐదు రోజులు పోయేదానికి, వారం వారం పోయేదానికి తేడా అక్కడుంది. ఇంకొక సంగతి. దసరా నెలలో, సంక్రాంతి నెలలో డే రేటు పెరుగుతుంది. సగం మంది ఇళ్లకు పోతారు, పొయ్యి మాత్రం మండుతూనే ఉంటుంది కాబట్టి. అప్పుడు ఆఫీసు వాళ్లు మోసం చేశారని గొడవకు పోవద్దు. లెక్కల పుస్తకం చూపించమని అడుగు. చూపించడానికి నసిగితే అప్పుడు గొడవ పడు.

ఆ సెలవు చీటీ విషయంలో నా మనసులో ఒకటి ఉండిపోయింది. ఒకసారి ఫస్టియర్ అమ్మాయికి కామెర్లు వచ్చాయి. వాళ్ల నాన్న రాత్రికి రాత్రి జీపు తెచ్చి తీసుకుపోయాడు. సెలవు చీటీ రాసేంత తీరిక ఎవరికుంది? ఇరవై నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల చిక్కి సగమై తిరిగొచ్చింది. రిజిస్టరులో చీటీ లేదు కాబట్టి నెలంతా తిన్నట్టే బిల్లు వేశాను. పై అధికారి తగ్గించడానికి ఒప్పుకోలేదు, నేను రెండోసారి అడగలేదు. వాళ్ల నాన్న ఏమీ అనకుండా పంచె కొంగులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. అందుకే చెప్తున్నా, ఒంట్లో బాగాలేక హఠాత్తుగా ఇంటికి పోవాల్సి వస్తే, బస్సులో కూర్చున్నాకైనా వార్డెన్‌కు, మెస్ సెక్రటరీకి వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టు. తేదీ, టైము దానంతటదే పడుతుంది.

మెస్ ఎట్లుందో చూడాలంటే అడ్మిషన్ రోజు చూడొద్దు. ఆ రోజు పెద్దవాళ్లు వస్తారని పాయసం చేస్తారు, అప్పడాలు వేయిస్తారు. మామూలు బుధవారమో గురువారమో రాత్రి ఎనిమిదింబావుకు పోవాలి. అప్పటికి మొదటి పంక్తి అయిపోయి ఉంటుంది. గరిటె సాంబారులో వేసి వంటాయన అడుగుదాకా కలుపుతున్నాడా, పైపైన తీసి పోస్తున్నాడా చూడు. ఆ తర్వాత చేతులు కడిగే చోటికి పో. అక్కడ ఎంగిలి డ్రమ్ము ఉంటుంది. దానిలోకి తొంగి చూడటానికి సిగ్గుపడకు. అన్నం కుప్పలుగా పడి ఉంటే బియ్యం బాగాలేదు, లేదా మెతుకు ఉడకలేదు. కూర పడి ఉంటే ఆ పూట కూర సంగతి తెలిసిపోతుంది. కరివేపాకు, మునక్కాడ పిప్పి, మిరపకాయలు మాత్రమే ఉన్నాయంటే ఆ మెస్‌లో కళ్లు మూసుకుని చేరొచ్చు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లల ఫిర్యాదు పుస్తకం కన్నా ఆ డ్రమ్మునే ఎక్కువ నమ్మాను.

పొద్దున టిఫిన్ కింద చిత్రాన్నమో టమాటా బాతో వారంలో మూడు సార్లు వస్తుంటే రాత్రి అన్నం మిగులుతోందని అర్థం. మిగిలిన అన్నం తాలింపు వేస్తే తప్పు కాదు, మన ఇళ్లలోనూ చేస్తాం. కానీ ఆ అన్నం రాత్రంతా ఎండాకాలం వేడిలో గంపలో ఉందా, ఆరబెట్టారా అన్నది అడగాలి. ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెట్టే రోజు ఏదో కనుక్కో, ఆ రోజు మాత్రం ఆలస్యంగా లేవకు.

అన్నం కన్నా నీళ్లు ముఖ్యం. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. పళ్ల మీద గోధుమ రంగు చారలున్న వాళ్లను మన ఊళ్లలో నువ్వు చూసే ఉంటావు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అని ప్రమాణం. కాచి చల్లార్చితే పోతుందని మీ అవ్వ అంటుంది. పోదు, నీళ్లు ఇగిరిపోయి ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ మిషన్ ఉంటే తగ్గుతుంది. మిషన్ ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు అని అడుగు. జవాబు చెప్పేముందు ఎదుటి మనిషి పక్కవాడి మొహం చూశాడంటే ఇంటి నుంచి క్యాన్ తెచ్చుకో.

క్యాంపస్ హాస్టల్లో సీటు దొరకకపోతే ప్రైవేటు హాస్టల్. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అంటారు. ఫస్టియర్‌కు త్రీ షేరింగ్ చాలు. ఇద్దరే ఉంటే, ఆ ఇద్దరికీ పడకపోతే నీకు మాట్లాడటానికి మనిషి ఉండదు. ఇక్కడ డే రేటు, మెస్ కట్ లాంటివి ఉండవు. నెలకింత అంటే అంతే, పండగకు పది రోజులు పోయినా అంతే. అడ్వాన్సు కట్టేటప్పుడు రసీదు మీద మూడు సంగతులు రాయించుకోవాలి. ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, సెమిస్టర్ సెలవుల్లో మంచానికి ఎంత కట్టాలి. మా అమ్మాయి విషయంలో రసీదు అడగడానికి మొహమాటపడి పది వేలు పోగొట్టుకున్నాను. ఇరవై రెండేళ్లు రసీదులు రాసిన చెయ్యి ఇది! జీఎస్టీ వేస్తామంటే ఒప్పుకోవద్దు. నెలకు 20,000 లోపు ఉండి, వరుసగా కనీసం 90 రోజులు ఉండే వాళ్లకు హాస్టల్ అద్దె మీద 2024 జులై 15 నుంచి అది లేదు.

స్నేహితులతో రూం తీసుకుని వండుకుంటానని నువ్వు అన్నావట. సెకండియర్‌లో చూద్దాం. మొదటి నెల ముగ్గురూ పోటీ పడి వండుతారు. రెండో నెల ఒకరు అన్నం మాత్రం కుక్కర్‌లో పెడతారు, కూర కర్రీ పాయింట్ నుంచి వస్తుంది. మూడో నెలకు గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర మాటలు ఆగిపోతాయి. కర్రీ పాయింట్ చెడ్డదేం కాదు, కానీ రోజూ ఆ నూనె తింటే ఇంటర్నల్స్ వచ్చేనాటికి కడుపులో మంట మొదలవుతుంది. ఒకవేళ తీసుకున్నా పెద్ద సిలిండర్ కోసం బ్లాకులో వెతకొద్దు. ఐదు కిలోల చిన్న సిలిండర్ ఊళ్లో ఇంటి చిరునామా లేకపోయినా ఆధార్ చూపిస్తే ఇస్తారు.

బస్సు మాట కూడా మీ అమ్మ ఎత్తింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు కదా, రోజూ ఇంటి నుంచే పోయి రావచ్చు కదా అని. డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ అటూ ఇటూ కలిపి వంద కిలోమీటర్ల పైనే. ల్యాబ్ సాయంత్రం దాకా ఉన్న రోజు ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఒకటి రెండు వారాలు చేస్తావు, మూడో వారం పొద్దున క్లాసు వదిలేస్తావు. ఆ ఉచితం ఇంటికి పోయి వచ్చేదానికి వాడుకో. ఆధార్ మాత్రం బ్యాగులో పెట్టుకోవడం మర్చిపోకు.

స్కాలర్‌షిప్‌లో కాలేజీ ఫీజు డబ్బు వేరు, తిండికీ వసతికీ ఇచ్చేది వేరు. పథకం పేర్లు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి, డబ్బు వచ్చే నెల కూడా మారుతుంది. అది వస్తుందిలే అని మెస్ బిల్లు ఆపితే ఫైన్ పడుతుంది, హాల్ టికెట్ దగ్గర నో డ్యూస్, అంటే బాకీ లేదన్న కాగితం, అడిగే రోజు టెన్షన్. మీ నాయనకు మూడు నెలల మెస్ డబ్బు చేతిలో పెట్టుకోమని నేనే చెప్తాను.

ర్యాగింగ్ గురించి భయపడేంతేమీ లేదు, తెలిసి ఉండటం మంచిది. ఫస్టియర్ పిల్లలను వీలైనంత వరకు వేరే బ్లాకులో ఉంచాలని 2009 నాటి యూజీసీ నిబంధన. గది ఇచ్చేటప్పుడు మీ నాయనతో అడిగించు. 1800-180-5522 నంబరు ఫోన్‌లో వేసుకో. సీనియర్ అక్క ఒకామెను స్నేహం చేసుకుంటే ఆ నంబరుతో పని పడదు.

వచ్చే బుధవారం మీ నాయనతో కలిసి సాయంత్రం బస్సుకు రా. ఏడున్నరకు సప్తగిరి సర్కిల్ దగ్గర ఉంటాను, అక్కడి నుంచి ముగ్గురం మెస్‌కు పోదాం. గెస్ట్ టోకెన్ దొరికితే తినే వద్దాం. వదినకు చెప్పు, చెనక్కాయల పొడి పెద్ద స్టీలు డబ్బాలో పెట్టమని. మూత బిగుతుగా ఉండాలి. హాస్టల్లో చీమలు ఎక్కువ, స్నేహితులు ఇంకా ఎక్కువ.

మీ అత్త