అమెరికా బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందుండే ట్రిపుల్-ఏలో దంచుతున్న కుర్రాణ్ణి పైకి పిలవట్లేదంటే

కారణం బహుశా ఆట కాదు, సర్వీస్ టైమ్, అంటే మేజర్ లీగ్‌లో గడిపిన రోజుల లెక్క. ఏప్రిల్‌లో ఎంత బాదినా మీకు నచ్చిన కుర్రాణ్ణి జట్టు పిలవట్లేదా? ఇలా చూడండి.

1. మేజర్ లీగ్‌లో 172 రోజులుంటే ఒక సర్వీస్ ఏడాది. ఆరు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకు వెళ్లొచ్చు.

2. చాలామంది వదిలేసే లెక్క ఇదే: సీజన్ రోజుల్లోంచి 171 తీసేయండి. మిగిలినన్ని రోజులు ఆపితే చాలు, జట్టుకు ఆ ఆటగాడిపై ఇంకో ఏడాది హక్కు దక్కుతుంది. 2015లో సీజన్ 183 రోజులు. షికాగో కబ్స్ జట్టు కుర్ర ఆటగాడు క్రిస్ బ్రయంట్‌ను 12 రోజులు కింది లీగ్‌లో ఉంచి ఏప్రిల్ 17న మేజర్ లీగ్ బరిలోకి దించింది. చివరికి అతనికి దక్కినవి 171 రోజులు, ఒక్క రోజు తక్కువ! రీబిల్డింగ్ (జట్టును కొత్తగా కట్టుకోవడం) పేరుతో ఆటగాడికి ఇలా చేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

3. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2022లో కుదిరిన ఒప్పందంతో కొంత మారింది. టాప్ ప్రాస్పెక్ట్ (ముందే పెద్ద పేరున్న కుర్రాడు) రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే పూర్తి సర్వీస్ ఏడాది ఇచ్చేస్తారు.

4. మే వచ్చినా పిలుపు లేకపోతే, జట్టు 40 మంది జాబితాలో ఖాళీ ఉందేమో చూడండి; పైకి పిలవాలంటే ఆటగాడు అందులో ఉండాలి.