వాళ్లున్న చోటికి నువ్వే పో

చెల్లీ,

ఏటూరునాగారం దిక్కు ఆరోగ్య సబ్ సెంటర్‌లో చేరావని విని సంతోషించాను. గర్భిణుల భర్తలకు మీటింగ్ పెడితే ఒక్కడూ రాలేదని ఫోన్‌లో బాధపడ్డావు. ఎట్లా వస్తారమ్మా? పొద్దున పదింటికి పత్తి చేన్లోనో, ట్రాక్టర్ మీదో ఉంటారు. వచ్చినా నలుగురు ఆడవాళ్ల మధ్య సిగ్గుపడి సెల్లు చూసుకుంటూ నిలబడతారు. వాళ్లున్న చోటికి నువ్వే పో. యాసంగి వడ్లు కాంటా అయ్యే రోజుల్లో కొనుగోలు సెంటర్ దగ్గర గంటలకొద్దీ కూర్చుంటారు. నేను మగవాళ్లతో మాట్లాడిందంతా దాదాపు ఆ వడ్ల కుప్పల మధ్యే.

పోయి ఉపన్యాసం ఇవ్వకు, పని చెప్పు. "భార్యను మంచిగా చూసుకో" అంటే తలూపుతాడు, అంతే. "రోజూ రాత్రి ఐరన్ గోలీ నీ చేత్తో ఇయ్యి, ఖాళీ అట్ట నాకు చూపించు" అంటే చేస్తాడు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. ఒక ఇంట్లో అత్తకూ కోడలికీ అన్నీ చెప్పాను, కొడుకుతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ఇంటికి ఒకటే ఫోన్, అది అతని జేబులో. నొప్పులొచ్చిన రాత్రి అతను వడ్ల కాపలాకు పోయాడు. మనిషిని పంపి పిలిపించి, డబ్బుల కోసం ఇంకొకరి తలుపు కొట్టి, బండెక్కేసరికి రెండు గంటలు. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. వరంగల్ తీసుకుపోయి రక్తం ఎక్కిస్తే తల్లి దక్కింది. "ముందే నాకు చెప్తే ఇంటి పట్టునే ఉందును కదా మేడం" అన్నాడు. ఏం చెప్పను?

అందుకని ఏడో నెల పడగానే భార్య చెకప్ కార్డు భర్త చేతిలో పెట్టి చదివించు. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తం తక్కువన్నట్టు, 7 కన్నా దిగితే పెద్దాసుపత్రికే పోవాలి. బండి కోసం చెకప్‌కైతే 102కు, అర్జెంటైతే 108కు ఫోన్ చెయ్యాలి. ప్రతి నెలా 9న గర్భిణులను డాక్టర్ చూస్తారు, ఆ రోజు కూలి మానుకుని వెంట రమ్మను. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తం కనపడటం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగొద్దు. నువ్వు చెప్పి ఊరుకోకు, అతని నోటితో చెప్పించు.

మీకు జంపన్న వాగు కూడా ఉంది. 2023 జులై వరదలో కొండాయి ఊరు మునిగి మనుషులు కొట్టుకుపోయిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. వానాకాలంలో నెలలు నిండేవాళ్ల పేర్లు ముందే రాసిపెట్టి, వాగు పొంగకముందే ఆసుపత్రికి దగ్గర్లో ఉంచాలి. "ఇంట్లో పనులెవరు చేస్తారు" అని అత్త అడ్డం పడుతుంది. ఆమెను ఒప్పించగలిగేది కొడుకే, నువ్వూ నేనూ కాదు. మేడారం జాతర ఏడాదైతే ఆ రోజుల్లో రోడ్ల రద్దీ సంగతీ అతనితో మాట్లాడు.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపి, ఇక నా పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అక్కడి ఆశా కార్యకర్త నంబర్ అతని దగ్గర ఉందో లేదో అడుగు.

ఒకటి మాత్రం మరవకు. భార్యను అడగకుండా భర్త దగ్గరికి పోకు. అతనంటే భయపడే ఇల్లూ ఉంటుంది. అక్కడ ఆమె తమ్ముడినో, అన్ననో పట్టుకో. తాగి ఉన్నవాడి దగ్గర మాట తియ్యకు, తెల్లారి పో.

ఈసారి కొనుగోలు సెంటర్‌కు బీపీ మిషన్ పట్టుకుపో. ముందు వాళ్లకే బీపీ చూడు. చేతికి పట్టీ చుట్టాక ఏ మగాడూ మధ్యలో లేచిపోడు, నీకు కావలసిన ఐదు నిమిషాలు దొరుకుతాయి.

మీ అక్క