ఛార్జర్‌ని వేరే గదిలోకి మార్చు

అమ్మలూ,

రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ ఉండిపోతున్నానని, పొద్దున చదువు ఎక్కడం లేదని రాశావు. నా మనసు గట్టిది కాదు పెద్దమ్మా అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. వేలితో తోసేకొద్దీ ఆఖరు లేకుండా వస్తూనే ఉండే పేజీని ఏజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో రూపొందించాడు, తర్వాత తనే బాధపడ్డాడు. పేజీ అయిపోతే మనిషి ఆగుతాడు. అయిపోని దాని ముందు కూర్చుని ‘ఇక చాలు’ అనుకోవడం ఎవరికైనా కష్టమే.

అందుకే ఒట్లు పెట్టుకోకు, ఛార్జర్ చోటు మార్చు. అలారం ఎలా అంటావు, తెలుసు. మామూలు గడియారం ఒకటి కొనుక్కో. ఫోన్ పక్కనే బోర్లా పెట్టుకుంటే చాలదా అంటే, చాలదు. చెయ్యి దానంతటదే వెళ్తుంది. లేచి పక్క గదికి నడవాల్సి వస్తే మాత్రం ‘ఎందుకు వెళ్తున్నాను?’ అని దారిలోనే అనిపిస్తుంది. కాల్స్ తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపెయ్.

చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకో. ఫోన్ మీదకు మనసు పోయినప్పుడల్లా టైము, అప్పుడు చేస్తున్న పని రాయి. ‘11:20, మూడో లెక్క తెగలేదు’ అన్నట్టు. వారం తిరిగేసరికి నీకే తెలుస్తుంది, నువ్వు ఫోన్ తీసేది ఖాళీగా ఉన్నప్పుడు కాదు, పని మొరాయించినప్పుడు. అక్కడ లేచి కాసేపు అటూ ఇటూ తిరుగు, లేదా తేలికైన లెక్క ఒకటి చేసి మళ్ళీ దాని దగ్గరికి రా. ఏదైనా వెతకాలనిపించినా ఆ కాగితం మీదే రాసుకుని, చదువయ్యాక అన్నీ ఒకేసారి చూసుకో.

ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటైపోతుందని ఎవరో చెబితే నమ్మకు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో అచ్చేసిన లెక్క ప్రకారం, కొత్త అలవాటు కుదురుకోవడానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చు. మధ్యస్థంగా 66. నాకు నచ్చింది మాత్రం వాళ్ళు చెప్పిన ఇంకో సంగతి: ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదట. కనుక ఓ రాత్రి జారిపోతే ఆ రాత్రితో వదిలెయ్.

గ్రూపుల్లో వెంటనే జవాబివ్వకపోతే ఏమనుకుంటారోనని టెన్షన్ పడకు. తొమ్మిది దాటాక చూడనని ముందే చెప్పెయ్. అర్జెంటైతే కాల్ చేస్తారు. నాకు జవాబు కూడా పగలే రాయి.

నీ పెద్దమ్మ