జనరేటరు ఉంది సరే, అందులోకి డీజిలు ఎక్కేదెలా?

అత్యవసర సన్నద్ధతపై పాఠకుల ప్రశ్నలకు విద్యుత్ శాఖ విశ్రాంత ఇంజనీరు, ఆసుపత్రులు, తాగునీటి పథకాల సలహాదారు జవాబులు

ప్రశ్న: విజయవాడలో అరవై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో పరిపాలన చూస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా వీధి మొదట్లోకి వచ్చి ఆగిపోయింది. అప్పటి నుంచి యాజమాన్యానికి బెంగ పట్టుకుంది. ఒక సలహా సంస్థ మూడు లక్షల రూపాయలకు విపత్తు ప్రణాళిక రాసిస్తామంటోంది. నమూనాగా చూపించిన పుస్తకం రెండు వందల పేజీలుంది. తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ సంస్థను ఒక్క మాట అడగండి. మీ ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉంటారు, రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియనుతో కూర్చుని మాట్లాడతారా? ఒక పూట వచ్చి ఫొటోలు తీసుకుని, నెల తరువాత పుస్తకం పంపుతామంటే ఆ మూడు లక్షలూ దాచుకోండి. ఆసుపత్రి భద్రతపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. వాటిని ఉచితంగా చదువుకోవచ్చు. మీకు కావలసింది మీ గోడలు, మీ తీగలు, మీ మనుషుల గురించి తెలిసిన సలహా.

అదెలా ఉంటుందో చెబుతాను. కోస్తాలో ఒక ఆసుపత్రి వారు పిలిస్తే వెళ్లాను. జనరేటరు గదిలో రిజిస్టరు చక్కగా రాసి ఉంది. ప్రతి సోమవారం పది నిమిషాలు నడిపారు, పక్కన 'ఓకే' అని సంతకం. అయితే ఆ పది నిమిషాలూ లోడు లేకుండా, అంటే ఆసుపత్రి దీపాలు, యంత్రాలు ఏవీ దానికి కలపకుండా, నడిపినవే. అలా నడిపితే బ్యాటరీ బాగుందనీ, ఇంజను తిరుగుతోందనీ తెలుస్తుంది. ఆసుపత్రిని మోయగలదో లేదో తెలియదు. పైగా లోడు లేకుండా పదేపదే నడిపిన డీజిల్ ఇంజనులో మసి పేరుకుంటుంది.

శస్త్రచికిత్సలు లేని ఒక మధ్యాహ్నం, వైద్యుల అనుమతితో, బయటి సరఫరాను నిజంగానే ఆపించాను. ఐసీయూలో ప్రతి మంచం దగ్గరా ఒకరిని నిలబెట్టాం. కొన్ని సెకన్లలో జనరేటరు అందుకుంది, దీపాలు వెలిగాయి. అందరి ముఖాలూ విప్పారాయి. నేను మాత్రం డీజిలు ఎటు నుంచి వస్తోందో చూస్తూ గొట్టం వెంబడి నడిచాను. జనరేటరు పక్కన 990 లీటర్ల ట్యాంకు ఉంది, అందులో మూడో వంతే డీజిలుంది. మిగతా నిల్వ వెనక షెడ్డులో పీపాల్లో ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి తోడటానికి చిన్న మోటారు పెట్టారు. ఆ మోటారుకు కరెంటు వచ్చేది బయటి సరఫరా ప్యానెల్ నుంచి! అంటే బయట కరెంటు పోయిన క్షణం నుంచి జనరేటరుకు డీజిలు అందించే దారి మూసుకుపోయినట్టే. గంటకు నలభై లీటర్లు తాగే యంత్రం అది. ఎనిమిది గంటల తరువాత నర్సులు డబ్బాలతో మోయాల్సిందే.

ఎవరూ గమనించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఊళ్లో కరెంటు ఎనిమిది గంటలు వరుసగా పోయిన సందర్భం ఆసుపత్రి కట్టాక రాలేదు. ఒక కేబులును జనరేటరు కరెంటు అందే అత్యవసర ప్యానెల్‌కు మార్చి, పక్కన చేతిపంపు బిగిస్తే సరిపోయింది. ఒక్క రోజు పని. రెండు వందల పేజీల పుస్తకంలో ఈ మోటారు ఊసు ఉండదు.

కీలక వసతుల రక్షణ అంటే నేను ప్రధానంగా చూసేది ఇదే. ఏది దేనిమీద ఆధారపడి ఉంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు స్తంభాలు, టవర్లు కూలి నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక బంకుల్లో పంపులు నడవలేదు. డీజిలు అందక సెల్ టవర్లు మూగబోయాయి. ఫోను లేక మరమ్మతు బృందాలను ఎటు పంపాలో చెప్పడం కష్టమైంది. ఆ తుపాను తరువాతే ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు.

ఇక మీకు నీళ్ల భయం ఉంది కాబట్టి ఫుకుషిమాను గుర్తుచేయాలి. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం రాగానే ఆ అణు విద్యుత్ కేంద్రానికి బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే మొదలయ్యాయి. గంట తిరగకుండానే సునామీ వచ్చింది. చాలా జనరేటర్లు, స్విచ్ ప్యానెళ్లు నేలమాళిగల్లో ఉండటంతో మునిగిపోయాయి. ఆరో యూనిట్‌కు చెందిన, గాలితో చల్లబడే జనరేటరు ఒకటి ఎత్తైన చోట ఉంది. అది నడిచింది కాబట్టి ఐదు, ఆరు యూనిట్లు గట్టెక్కాయి. మీ జనరేటరు ఎక్కడుందో ఉత్తరంలో రాయలేదు. విజయవాడ ఆసుపత్రుల్లో తరచుగా కనిపించేది సెల్లారులోనే. అలా అయితే ఈ వర్షాకాలంలోపే స్విచ్ ప్యానెల్‌ను పై అంతస్తుకు మార్చండి. జనరేటరును కదపలేకపోతే, అద్దె జనరేటరును తెచ్చి తగిలించడానికి బయటి గోడమీద వరద మట్టానికి పైన ఒక కనెక్షను పెట్టించండి. ఆక్సిజన్ గాలి నుంచి తయారుచేసుకునే ప్లాంటు మీకుంటే అదీ కరెంటు మీదే నడుస్తుంది. కాబట్టి సిలిండర్ల వరుసను వదులుకోకండి.

ఇవన్నీ చూశాక సలహాదారును పెట్టుకోండి, తప్పు లేదు. ఒప్పందంలో మాత్రం సరఫరా ఆపి చేసే పరీక్ష ఉండాలి. పగలొకటి, రాత్రొకటి.

ప్రశ్న: అనకాపల్లి జిల్లాలో రసాయన కర్మాగారాలకు దగ్గరగా మా ఊరుంది. లోపల ఏం నిల్వ ఉందో, ప్రమాదం జరిగితే ఎటు పరుగెత్తాలో ఎవరూ చెప్పరు. అడిగే హక్కు మాకుందా?

జవాబు: ఉంది, చట్టం స్పష్టంగా ఇచ్చింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షనుగా చేర్చిన నియమం, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ కొనసాగుతోంది. దాని ప్రకారం ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారం ప్రమాదాల గురించీ, జాగ్రత్తల గురించీ కార్మికులతో పాటు చుట్టుపక్కల ప్రజలకు కూడా తెలియజేయాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనల కింద జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన సంక్షోభ బృందం ఉంటుంది. కర్మాగారం బయట జరిగే ప్రమాదానికి ఏటా ఒకసారి మాక్ డ్రిల్ జరగాలి. కిందటిది ఎప్పుడు జరిగిందో, తరువాతది ఎప్పుడో పంచాయతీ తీర్మానంతో కలెక్టరును లిఖితపూర్వకంగా అడగండి. మీ ఊరివారిని అందులో పాల్గొననివ్వమని కోరండి.

సైరను గురించి ప్రత్యేకంగా అడగండి. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరిమీదికి వచ్చినప్పుడు అక్కడ సైరను మోగించే మీటలు చాలాచోట్ల ఉన్నా మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్న మనుషులకు ఆ కొద్ది నిమిషాలే ప్రాణం. అది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మీ ఊళ్లో నెలకోసారి, ప్రకటించిన సమయానికి సైరను మోగించి చూడమనండి. గాలి ఎటు వీస్తోందో తెలిసేలా ఎత్తైన చోట గాలిసంచి (గాలి వాటుకు తిరిగే గుడ్డ గొట్టం) కట్టించండి. విషవాయువు వస్తే గాలికి అడ్డంగా, పక్కకు వెళ్లాలి. గాలి వెళ్లే దిక్కునే పరుగెడితే వాయువు వెంట వస్తుంది. స్టైరీన్ లాంటి గాలికంటే బరువైన ఆవిరి పల్లంలో నిలుస్తుంది. అందుకే కాలువ గట్టు దిగి దాక్కోవద్దని పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: తీరప్రాంతంలో పంచాయతీ కార్యదర్శిని. తుపానుకు కరెంటు పోతే తాగునీటి పథకం మోటారుకు అద్దె జనరేటరు తెద్దామనుకుంటున్నాం. ఎంత సామర్థ్యం కావాలి?

జవాబు: తుపాను హెచ్చరిక రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకును నిండుగా నింపి పెట్టండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. పది హెచ్‌పీ మోటారుకు ఒక్కసారే పూర్తి వోల్టేజి ఇచ్చే డైరెక్ట్ స్టార్టరు ఉంటే ఇరవై, ఇరవై ఐదు కేవీఏ జనరేటరు చూసుకోండి. మొదట తక్కువ కరెంటుతో తిప్పే స్టార్-డెల్టా స్టార్టరైతే ఇంకా తక్కువతో సరిపోతుంది. తుపానుకు ముందే ఒకసారి తెచ్చి మోటారు తిప్పి చూడండి. తుపాను వచ్చాక జిల్లాలో అద్దెకు దొరకవు.

ఇంకొక మాట, బతిమాలి చెబుతున్నాను. జనరేటరుకూ కరెంటు లైనుకూ మధ్య, ఒకసారికి రెండింటిలో ఒకదాన్నే మోటారుకు కలిపే ఛేంజోవర్ స్విచ్ తప్పక ఉండాలి. అది లేకుండా తగిలిస్తే మీ జనరేటరు కరెంటు వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మరులో పదకొండు వేల వోల్టులుగా మారి, పడిపోయిన లైనులోకి చేరుతుంది. ఆ లైను చచ్చిందనుకుని లైన్‌మన్ చేత్తో పట్టుకుంటాడు. జనరేటరు కలిపే ముందు మీ సెక్షను ఇంజనీరుకు ఫోను చేసి చెప్పండి. ఫోను పనిచేయకపోతే సబ్‌స్టేషనుకు మనిషిని పంపండి.