డెల్ఫీనియం విత్తనాలు మొలవకపోవడానికి వేడే కారణం కావచ్చు

డెల్ఫీనియం (పొడవైన పూల కంకులు వేసే తోట మొక్క) విత్తనాలు నాటిన ట్రేను ఎండ కిటికీ దగ్గర ఉంచానని, నెల దాటినా ఒక్క మొలకా రాలేదని మీరు రాశారు. ఆ ఎండ కిటికీయే ప్రధాన కారణం కావచ్చు. డెల్ఫీనియం విత్తనం వేడిలో మొలకెత్తకుండా నిద్రాణంగా ఉండిపోతుంది, మొలవడానికి దానికి వెలుతురు అవసరం లేదు.

చాలామంది వదిలేసే పని, విత్తనాన్ని తడిగా ఉన్నప్పుడు చల్లబరచడం. ప్యాకెట్‌ను అలాగే ఫ్రిజ్‌లో పెడితే విత్తనం పాడవకుండా నిలుస్తుందే గాని, అది నీరు పీల్చుకోనంత వరకు ఆ చలి నిద్రాణస్థితిని పోగొట్టదు.

1. తడిపి బాగా పిండిన టిష్యూ కాగితంలో విత్తనాలను పరచి, మడిచి, జిప్ సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో (ఫ్రీజర్‌లో కాదు) రెండు వారాలు ఉంచండి. మొదటి వారం తర్వాత తరచూ విప్పి చూస్తూ, తెల్లని వేరు మొన కనిపించిన విత్తనాన్ని వెంటనే నాటండి. ఆలస్యమైతే వేరు కాగితంలో చిక్కుకుని తెగిపోతుంది.
2. పైన సుమారు 3 మిల్లీమీటర్ల మట్టి కప్పి, 15–18 డిగ్రీల సెల్సియస్ ఉండే చోట ట్రేను వెలుతురు తగలకుండా మూసి ఉంచండి.
3. మొలక కనిపించిన రోజే మూత తీసి వెలుతురులోకి మార్చండి.

ఈ విత్తనం గది వేడిలో త్వరగా మొలకశక్తి కోల్పోతుంది కాబట్టి, మీ దగ్గరున్నది పాతదైతే దానిపై శ్రమ పెట్టకుండా తాజాది తీసుకోండి.